గజం ధర ఒకటి – జాగా ధర ఇంకొకటి

(గోదావరిఖని పరిసర గ్రామాల పాల ఉత్పత్తిదారుల సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ఎప్పుడూ దాణా గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఇంటి జాగా కొనడం గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. పాల సంఘానికీ జాగా కొనుగోలుకూ ఏమిటి సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. మన సంఘంలో ఒక అక్క, రెండు బర్రెలు అమ్మిన డబ్బులోనుంచి 50,000 రూపాయలు ఒక ప్లాటుకు బయానా ఇచ్చారు. తీరా విచారిస్తే అది పేదలకు ప్రభుత్వం అసైన్ చేసిన భూమి అని తేలింది. ఆమె పేరు చెప్పను. ఆమె అనుమతితోనే ఈ మాట చెబుతున్నాను. బర్రెలు పోయాయి, జాగా రాలేదు. ఇటువంటిది ఇంకొకరికి జరగకూడదనే ఈ నాలుగు మాటలు.

నేను వకీలును కాను. గనిలో ముప్పై ఏళ్లకు పైగా పని చేసి దిగిపోయి, ఇప్పుడు మూడు బర్రెలు పెట్టుకుని మీ అందరిలాగే పొద్దున, సాయంత్రం కేంద్రానికి పాలు తెస్తున్నవాడిని. ఒకసారి నేను కూడా లెక్క తప్పాను. ముందు ఆ లెక్క చెబుతాను.

నా లెక్క

2019లో 150 గజాల ప్లాటు కొన్నాను. గజం 4,000 రూపాయలు అన్నారు. అంటే 6 లక్షలు. గ్రాట్యుటీ డబ్బు చేతిలో ఉన్నది, సరిపోయింది అనుకున్నాను. తరువాత ఏమైందో వినండి.

అప్పటి రేటు ప్రకారం రిజిస్ట్రేషన్‌కు నూటికి 6 చొప్పున 36,000. మధ్యవర్తికి 12,000. దస్తావేజు రాసినందుకు, కాగితాలకు 3,000. కొలిపించి హద్దు రాళ్లు పాతడానికి 5,000. జాగా రోడ్డుకంటె లోతుగా ఉన్నదని వానాకాలంలో గాని తెలియలేదు. 30 ట్రిప్పుల మొరం పోయించాను, 45,000. కరెంటు స్తంభాలకు పక్క ప్లాట్ల వాళ్లతో కలిసి నా వంతు 18,000. ఆ లేఅవుట్‌కు అనుమతి లేదని 2020లో తెలిసింది. క్రమబద్ధీకరణకు దరఖాస్తు రుసుము 1,000. చివరకు 2025లో, ప్రభుత్వం ఇచ్చిన 25 శాతం రాయితీ పోను, 23,250 కట్టాను.

మొత్తం కూడితే 1,43,250 రూపాయలు. 6 లక్షల ప్లాటు నాకు 7,43,250కి పడింది. గజం 4,000 అనుకున్నది 4,955 అయింది. మొరం పోయించడానికి ఒక పాలిచ్చే బర్రెను అమ్మాను. ఆ ఏడు నా పాల పుస్తకంలో నాలుగు నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి. ఇప్పటికీ ఆ పుస్తకం దాచుకున్నాను.

ఇందులో నన్ను ఎవరూ దొంగిలించలేదు. ప్రతి రూపాయికీ ఏదో ఒక కారణం ఉన్నది. తప్పు నాదే. గజం ధర అడిగానే గాని, జాగా ధర అడగలేదు. బర్రెను కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? రెండు పూటలు మన చేత్తో పాలు పిండి చూస్తాం. ఎన్నో ఈత అని పళ్లు చూస్తాం. పొదుగు తడిమి చూస్తాం. అంత చూసే మనమే, దానికి పదింతల విలువ చేసే జాగాను ఒక్క మధ్యాహ్నం చూసి బయానా ఇస్తున్నాం.

ఖర్చులు మూడు రకాలు

నా అనుభవం మీద, ఆ తరువాత నలుగురికి సాయంగా ఆఫీసుల చుట్టూ తిరిగిన మీద, నాకు తెలిసింది ఇది. పైకి కనిపించని ఖర్చులు మూడు రకాలు. ఒకటి, ఎవరు కొన్నా కట్టవలసినవి. రెండు, అమ్మేవాడు కట్టకుండా వదిలేసి మన నెత్తిన వేసేవి. మూడు, ఎంత డబ్బు కట్టినా తీరనివి. ఈ మూడింటినీ వేరు చేసుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

మొదటి రకం: అందరూ కట్టేవి

తెలంగాణలో 2021 జూలై 22 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం అమ్మకపు దస్తావేజుకు స్టాంపు సుంకం 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 0.5 శాతం. మొత్తం నూటికి ఏడున్నర. అంతకుముందు ఇది 6 శాతం ఉండేది. ప్రభుత్వ విలువలను కూడా 2021లో ఒకసారి, 2022 ఫిబ్రవరిలో మరొకసారి పెంచారు. రేట్లు మారుతూ ఉంటాయి కాబట్టి, బయానా ఇచ్చే ముందు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ సర్వే నంబరు విలువ ఎంత, సుంకం ఎంత అని అడిగి కాగితం మీద రాసుకోండి.

ఒక ఉదాహరణ చెబుతాను. గజం 6,000 చొప్పున 150 గజాలు 9 లక్షలు. ఏడున్నర శాతం అంటే 67,500 రూపాయలు. లీటరుకు 45 రూపాయలు వస్తాయనుకుంటే ఇది 1,500 లీటర్ల పాలు. రోజుకు 6 లీటర్లిచ్చే బర్రె 250 రోజులు ఇచ్చే పాలు. దాణా ఖర్చు తీయకుండానే ఈ లెక్క. ఇంత డబ్బును ‘పై ఖర్చు’ అని ఒక్క మాటతో తీసివేయడం ఎట్లా?

ఇక్కడ చాలామంది ఒక ఉపాయం చెబుతారు. దస్తావేజులో ధర తక్కువ రాయించు, సుంకం తగ్గుతుంది అంటారు. చట్టం ప్రకారం అసలు ధర, ప్రభుత్వ విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిమీద సుంకం కట్టాలి. ఆ సంగతి అట్లా ఉంచి, మన గనుల ప్రాంతంలో ఈ ఉపాయం మనకే ఎదురు తిరుగుతుంది. ఎట్లాగో చెబుతాను. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం నష్టపరిహారం నిర్ణయించేటప్పుడు ప్రభుత్వ విలువను, చుట్టుపక్కల గత మూడేళ్లలో రిజిస్టరైన అమ్మకాల ధరలను చూస్తారు. ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. దానిమీద నూటికి నూరు అదనంగా ఇస్తారు. పల్లె ప్రాంతమైతే ఇంకొక హెచ్చింపు కూడా ఉన్నది. గజం 6,000కు కొని 1,500 అని అందరమూ రాసుకుంటూ పోతే, రేపు ఓపెన్ కాస్టు కోసం భూమి తీసుకునే రోజు వచ్చినప్పుడు మన ఊరి దస్తావేజులే మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాయి. ఈ రోజు మిగిలిన వెయ్యి రూపాయలు ఆ రోజు ఎన్ని వేలకు నష్టమో ఆలోచించండి. బ్యాంకు లోను కూడా కాగితం మీది ధరను చూసే ఇస్తారు.

నగదు గురించి ఒక మాట. స్థిరాస్తి అమ్మకంలో 20,000 గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. పుచ్చుకున్నవాడి మీద అంతే మొత్తం జరిమానా పడుతుంది. మనకు కూడా చెక్కు గాని, బ్యాంకు ద్వారా గాని ఇస్తేనే రుజువు ఉంటుంది. బయానా తిరిగి రావాలంటే ఆ రుజువే దిక్కు. ధర 50 లక్షలకు చేరితే, కొనేవాడు అమ్మేవాడికి ఇచ్చే సొమ్ములోనుంచి ఒక శాతం పట్టి ప్రభుత్వానికి కట్టాలి. మనలో అంత ధర పెట్టి కొనేవారు తక్కువే అయినా, రోడ్డు పక్క జాగాలకు ఆ ధర వస్తున్నది కాబట్టి చెబుతున్నాను.

ఇంకొకటి, కట్టనక్కరలేనిది. కొందరు వెంచర్లవాళ్లు ప్లాటు ధరమీద జీఎస్టీ అని అదనంగా అడుగుతున్నారు. ఖాళీ జాగా అమ్మకం మీద జీఎస్టీ లేదు. రోడ్లు, మురుగు కాలువలు వేసి అభివృద్ధి చేసి అమ్మిన ప్లాటుకు కూడా లేదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. ఎవరైనా అడిగితే, ఏ పన్ను కింద అడుగుతున్నారో రసీదు మీద రాసి ఇవ్వమనండి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

రెండవ రకం: అమ్మేవాడు వదిలేసినవి

వ్యవసాయ భూమిని ఇళ్ల జాగాగా మార్చాలంటే ప్రభుత్వానికి మార్పిడి పన్ను కట్టాలి. దీన్నే నాలా అంటున్నారు. 2006 నాటి చట్టం ఇది. కట్టకుండా జాగాగా వాడితే ఆ పన్నుమీద మరో 50 శాతం జరిమానా ఉన్నది. ఇది భూమి యజమాని కట్టవలసింది. ఆయన కట్టకుండా గుంటల లెక్కన మనకు అమ్మితే, ఆ పన్ను మన మీదికి వస్తుంది. ఒక గుంట అంటే 121 గజాలు. ‘గుంటల్లో తీసుకో, చవక’ అని ఎవరైనా అంటే, ఆ చవకలో నాలా లేదు, రోడ్డు లేదు, లేఅవుట్ అనుమతి లేదు అని అర్థం.

లేఅవుట్ అనుమతి లేని ప్లాట్ల సంగతి మరీ ముఖ్యం. 2020 ఆగస్టు 26న అటువంటి ప్లాట్ల రిజిస్ట్రేషన్‌ను ప్రభుత్వం ఆపివేసింది. ఆ ఆగస్టు 31న వచ్చిన 131వ నంబరు జీవోతో క్రమబద్ధీకరణ పథకం, అదే ఎల్ఆర్ఎస్, వచ్చింది. అప్పటికే రిజిస్టరైన ప్లాట్లకు ఆ ఏడు డిసెంబరు చివర తిరిగి అనుమతి ఇచ్చారు. ఒక్కసారీ రిజిస్టరు కాని ప్లాటుకు, ఎల్ఆర్ఎస్ లేనిదానికి, దారి మూసుకుపోయింది. కాబట్టి రెండు ప్రశ్నలు అడగండి. ఈ ప్లాటు 2020 ఆగస్టు 26కు ముందు రిజిస్టరు అయిందా? ఎల్ఆర్ఎస్ దరఖాస్తు రసీదు, కట్టిన రసీదు, మంజూరు పత్రం ఉన్నాయా?

దరఖాస్తు ఉండి సొమ్ము కట్టకపోతే ఆ బాకీ ఎంతో మనమే లెక్క వేసుకోవచ్చు. నా 150 గజాలు అంటే సుమారు 125 చదరపు మీటర్లు. 100 నుంచి 300 మీటర్ల ప్లాటుకు మీటరుకు 400 చొప్పున 50,000. ప్రభుత్వ విలువ గజానికి 3,000 లోపు ఉంటే అందులో 20 శాతం, అంటే 10,000 కట్టాలి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలలేదు కాబట్టి ప్లాటు ప్రభుత్వ విలువ మీద 14 శాతం. నా ప్లాటు విలువ లక్షా 50 వేలు, దానిమీద 21,000. రెండూ కలిపి 31,000, రాయితీ పోను 23,250. అదే ప్రభుత్వ విలువ పెద్దదైన చోట ఈ 14 శాతమే లక్షలు దాటుతుంది.

ఖాళీ స్థలం పన్ను ఇంకొకటి. రామగుండం నగరపాలక సంస్థ పరిధిలో గాని, ఇతర మునిసిపాలిటీల్లో గాని, ఖాళీ ప్లాటుకు కూడా ఏటా పన్ను ఉన్నది. ‘ఖాళీ జాగాకు పన్నేమిటి’ అని ఎవరూ కట్టరు. ఇల్లు కట్టుకునేందుకు అనుమతికి పోయిన రోజు పాత బాకీ అంతా ఒకేసారి ముందుకు వస్తుంది. బాకీ లేదన్న రసీదు అమ్మేవాడి దగ్గరే తీసుకోండి.

ఇవన్నీ తీర్చదగిన బాకీలే. వీటికి భయపడి జాగా మానుకోనక్కరలేదు. అయితే, వాటిని బేరంలో కలపండి. ‘బాకీ మీరు కట్టి ఇవ్వండి, లేదా ధరలో తగ్గించండి’ అని అడగడం మొహమాటం కాదు. వెన్న తక్కువ ఉన్న పాలకు కేంద్రంలో ధర తగ్గిస్తే మనం ఒప్పుకోవడం లేదా? ఇదీ అంతే.

కొత్త వెంచర్ అయితే ఇంకొక రక్షణ ఉన్నది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుట్‌ను రిజిస్టరు చేయించాలి. రిజిస్టరైన ఒప్పందం రాసుకోకుండా ధరలో 10 శాతానికి మించి ముందుగా పుచ్చుకోరాదు. రంగుల కాగితం చూపి సగం డబ్బు అడిగేవారికి ఈ సంగతి గుర్తు చేయండి.

మూడవ రకం: డబ్బుతో తీరనివి

ఇక్కడ జాగ్రత్తగా వినండి. కొన్ని భూములు చవకగా వస్తాయి. ఎందుకంటే అవి అమ్మడానికి వీలులేనివి.

మొదటిది అసైన్డ్ భూమి. 1977 నాటి చట్టం ప్రకారం దాన్ని అమ్మడం, కొనడం చెల్లదు. ప్రభుత్వం తిరిగి తీసుకోవచ్చు. మన అక్క బయానా పోయింది ఇక్కడే. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. సర్వే నంబరు చెప్పి అడిగితే ముందే తెలిసేది.

రెండవది సింగరేణి భూమి. మన ఊళ్లలో కంపెనీ భూమి ఎక్కడ ముగుస్తుందో, పట్టా భూమి ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియదు. కంపెనీ ప్రభుత్వానికి అప్పగించిన భూముల్లో ఇళ్లు కట్టుకుని ఉంటున్నవారికి 76వ నంబరు జీవో కింద పట్టాలు ఇచ్చారు. ఆ మాట చెప్పి, ‘దీనికీ రేపు పట్టా వస్తుంది’ అని ఖాళీ జాగాను నోటరీ కాగితం మీద అమ్ముతున్నారు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. నోటరీ కాగితం, సాదా కాగితం, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ హక్కును బదిలీ చేయవు. సుప్రీం కోర్టు 2011లో పవర్ ఆఫ్ అటార్నీ అమ్మకాల గురించి ఈ మాటే చెప్పింది.

మూడవది సేకరణ నోటిఫికేషన్ పడిన భూమి. 2013 చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన తరువాత ఆ భూమిని కలెక్టరు అనుమతి లేకుండా అమ్మడానికి, కొనడానికి వీలులేదు. ‘కంపెనీ పైసలు వస్తాయి, రెండింతలు’ అని ఆశపెట్టి అమ్మేవారి దగ్గర కొంటే పైసలు రావు, కోర్టు కాగితాలు వస్తాయి. తహసీల్దారు కార్యాలయంలో అడగండి. ఓపెన్ కాస్టుకు దగ్గరి జాగా అయితే పేలుళ్లకు చుట్టుపక్కల గోడలు ఎట్లా ఉన్నాయో మీ కళ్లతో చూడండి. పాత భూగర్భ గని పైన ఉన్న నేల కుంగుతుంది. ఆ సంగతి నాకంటె బాగా తెలిసినవారు ఈ సభలోనే చాలామంది ఉన్నారు.

నాలుగవది చెరువు శిఖం భూమి, ఎన్‌టీపీసీ నుంచి పోయే హైటెన్షన్ తీగల కింది భూమి. వీటిలో ఇంటికి అనుమతి రాదు.

ఐదవది, గోదావరి అవతల బంధువులున్నవారు గమనించాలి. మందమర్రి వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 చట్టం ఉన్నది. అక్కడి భూమి గిరిజనేతరుల పేర బదిలీ చేస్తే చెల్లదు. గోదావరిఖనిలో చెల్లిన పద్ధతి అక్కడ చెల్లదు.

ఈ మూడవ రకం భూమి గజం 500కు వచ్చినా ఖరీదే. ఎందుకంటే ఆ 500 కూడా పోతాయి. ధర ఎంత తగ్గిస్తే అంత అనుమానించండి.

ఏం చేయాలి?

నేను కోరేది ఒక్కటే. బయానా ఇచ్చే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. పైన గజం ధర రాయండి. దాని కింద రిజిస్ట్రేషన్, మధ్యవర్తి, రాతకూలి, కొలత, మొరం, కరెంటు, నీళ్లు, ఎల్ఆర్ఎస్, నాలా, ఖాళీ స్థలం పన్ను, ఇంటి అనుమతి అని వరుసగా రాసి, ఎదురుగా అంకెలు వేయండి. అంకె తెలియని చోట గుర్తు పెట్టి, తెలిసేదాకా బయానా ఇవ్వకండి. మొత్తం కూడి గజాలతో భాగించండి. అప్పుడు వచ్చేదే అసలు ధర. ఒకసారి వాన పడ్డ మరునాడు వెళ్లి జాగా చూడండి. ముప్పై ఏళ్ల ఈసీ, లింకు దస్తావేజులు తీసి చదివించండి. బయానా కాగితంలో ‘హక్కులో లోపం తేలితే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలి’ అన్న వాక్యం రాయించండి. మన అక్క కాగితంలో ఆ వాక్యం లేదు. పెద్దమనుషులు కూర్చుంటే 50,000లో 20,000 మాత్రం తిరిగి వచ్చాయి.

ఆ కాగితం నమూనా ఒకటి నేను రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను. పాల సేకరణ కేంద్రంలో తూకం పక్కన గోడకు అంటిస్తామన్నారు. పాలు పోసి వెళ్లేటప్పుడు ఎవరైనా రాసుకుపోవచ్చు. చదవడం రానివారు పిల్లలచేత చదివించుకోండి. ఇంకా అనుమానం ఉంటే నా దగ్గరికి రండి. సాయంత్రం పాలు పిండిన తరువాత ఇంట్లోనే ఉంటాను.

పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లులోనుంచి కూడబెట్టిన సొమ్ము ఇది. చలిలో లేచి, గడ్డి కోసి, పేడ ఎత్తి సంపాదించింది. దాన్ని జాగాలో పెట్టడం మంచిదే. పిల్లలకు ఒక నీడ ఉంటుంది. అయితే గజం ధర విని కాకుండా, జాగా ధర లెక్క వేసి పెట్టండి.